వెనక చక్రం పదే పదే పంక్చర్ అవుతుంటే ట్యూబు మార్చే ముందు చూడాల్సినవి

మీరు చెప్పిన వివరాలు ఇవీ: 26 × 1.95 టైర్ల సైకిలు, రోజూ ఆఫీసుకు పోను తొమ్మిది, రాను తొమ్మిది కిలోమీటర్లు, మీ బరువు 82 కిలోలు, వెనక క్యారియర్ మీద ల్యాప్‌టాప్ బ్యాగు. ఆరు వారాల్లో వెనక చక్రానికే ఐదు పంక్చర్లు. మూడుసార్లు అతుకు వేయించారు, రెండుసార్లు కొత్త ట్యూబు వేయించారు. మొదటి ట్యూబు మీది మూడు అతుకులూ వాల్వ్‌కి ఇంచుమించు జానెడు దూరంలోనే ఉన్నాయి. ట్యూబులు నాసిరకమా, టైరు మార్చాలా, పంక్చర్లు మూసే లిక్విడ్ ట్యూబులో పోయించాలా అని అడిగారు.

ఆ మూడూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. కొత్త ట్యూబు వారం తిరక్కుండా పోయిందంటే తప్పు ట్యూబుది కాదండీ. దాన్ని పొడిచేదేదో ఇంకా చక్రంలోనే ఉంది. అది టైరులో ఉందా, రిమ్ములో ఉందా, లేక గాలి తక్కువ కావడమేనా అన్నది ట్యూబుకు పడిన చిల్లే చెబుతుంది. అందుకే పాత ట్యూబుల్ని పారేయకండి. మీ దగ్గరున్న ఆధారం అదొక్కటే.

పంక్చర్ షాపులో సాధారణంగా వెనక చక్రం విప్పరు. సైకిలు స్టాండు మీదే ఉంచి, టైరును ఒక పక్క మాత్రం రిమ్ము నుంచి తప్పించి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో బుడగలు చూసి, అతుకు వేసి, మళ్లీ లోపలికి తోసేస్తారు. పది నిమిషాల పని. మామూలు పంక్చర్‌కి అది చాలు. మళ్లీ మళ్లీ వచ్చే పంక్చర్‌కి చాలదు. ఈసారి చక్రం మీరే విప్పండి. విప్పే ముందు సుద్దముక్కతో వాల్వ్ ఎదురుగా టైరు మీద ఒక గీత, చైను ఉన్న వైపు టైరు పక్కన ఇంకో గుర్తు పెట్టండి. ట్యూబు తీసేటప్పుడు దాని మీద కూడా చైను వైపు ఏదో బాల్‌పెన్నుతో రాయండి. ఈ గుర్తులు లేకపోతే తర్వాత పోల్చి చూడడానికి వీలుండదు.

ట్యూబు బయటికి తీశాక మామూలు మందానికి రెట్టింపు ఉబ్బేదాకా గాలి కొట్టండి. కొద్దిగా కొడితే సన్న చిల్లు నోరు తెరవదు. చెంప దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పుతూ వెళితే గాలి తగులుతుంది. తగలకపోతే బకెట్లో ముంచండి. చిల్లు దొరగ్గానే ఆగిపోవద్దు, వాల్వ్ నుంచి వాల్వ్ దాకా పూర్తి చుట్టు తిప్పాలి. ఒకే ముల్లు రెండు చోట్ల పొడవడం మామూలే. చిల్లు చుట్టూ పెద్ద ప్లస్ గుర్తు వేయండి, నాలుగు చేతులూ రెండేసి సెంటీమీటర్లు ఉండాలి. చిన్న చుక్క పెడితే గరుకు కాగితంతో రుద్దగానే గుర్తూ పోతుంది, చిల్లూ కనబడదు.

ఇప్పుడు ఆ చిల్లు ట్యూబుకు ఏ ముఖం మీద ఉందో చూడండి. రోడ్డు వైపా, రిమ్ము వైపా, పక్కనా? వాల్వ్ ఉన్నది రిమ్ము వైపు, దానికి ఎదురు ముఖం రోడ్డు వైపు. మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మీ మూడు అతుకులూ ఒకే దూరంలో ఉన్నాయన్నారు కాబట్టి ఒక మాట. వాల్వ్ రిమ్ములోని బెజ్జంలో దిగి ఉంటుంది కనుక ట్యూబు ఎప్పుడూ రిమ్ముతో ఒకే లెక్కలో కూర్చుంటుంది. టైరు అలా కాదు. పూర్తిగా ఊడదీసి మళ్లీ ఎక్కిస్తే ఎటైనా తిరిగి ఉండొచ్చు. కాబట్టి టైరు మొత్తం ఊడదీసి ఎక్కించాక కూడా చిల్లు వాల్వ్ నుంచి అంతే దూరంలో పడితే అనుమానం రిమ్ము మీదికి పోవాలి. టైరు కదలకుండా ట్యూబు ఒక్కటే తీసి పెట్టి ఉంటే మాత్రం టైరులో ఇరుక్కున్న ముల్లూ అదే చోట పొడుస్తుంది. అప్పుడు తేల్చేది ముఖమే. మీ పాత ట్యూబులో మూడు అతుకులు ఏ ముఖం మీదున్నాయో ముందు చూడండి.

రోడ్డు వైపు ఉంటే ముల్లో తీగో అన్నమాట. మన రోడ్ల పక్కన ప్రధాన శత్రువులు రెండు: సర్కారు తుమ్మ ముల్లు, ఎండిన పల్లేరు కాయ. చెరువు కట్టల మీద, బైపాస్ రోడ్ల అంచుల్లో, ఖాళీ ప్లాట్ల పక్కన ఈ రెండూ పుష్కలం. వీటితో చిక్కేమిటంటే, గుచ్చుకున్న ముల్లు టైరు మీది భాగంతో సమానంగా విరిగిపోతుంది. బయటినుంచి చూస్తే ఒక నల్ల చుక్క, అంతే. మొన మాత్రం రబ్బరు లోపలే మిగిలి ఉంటుంది. చక్రం ఖాళీగా ఉన్నప్పుడు ఆ మొన లోపలి గుడ్డ పొరలో దాక్కుంటుంది, వేలితో తడిమినా తగలదు. మీరెక్కి కూర్చోగానే టైరు అణిగి మొన ఒక మిల్లీమీటరు బయటికి వస్తుంది. షాపులో ఏమీ లేదన్న టైరే మూడో రోజు మళ్లీ పంక్చర్ కావడానికి కారణం ఇదే.

ఇంకోటి లారీ టైర్ల తీగ. పగిలిపోయిన లారీ టైర్లలోంచి ఊడిపడే ఉక్కు తీగలు వెంట్రుకలా సన్నగా, రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా హైవే అంచున పడి ఉంటాయి. పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఒక దిశలో వేలు పోనిస్తే జారిపోతుంది, ఎదురు దిశలోనే తగులుతుంది.

వెతికే పద్ధతి చెబుతాను. టైరును రిమ్ము నుంచి పూర్తిగా ఊడదీయండి. ట్యూబు వాల్వ్‌ను టైరు మీది సుద్ద గీతకు ఎదురుగా ఉంచి, చైను వైపు గుర్తులు కలిపి, చిల్లు టైరులో ఎక్కడికి వస్తుందో చూసి ఆ చోట అటూ ఇటూ పది సెంటీమీటర్ల మేర గీత గీయండి. చైను వైపు గుర్తు పెట్టడం మరిచి ఉంటే ట్యూబు తిరగేసి ఎదురు పక్కన కూడా చూడాలి. ఇప్పుడు దూది ముద్ద తీసుకుని టైరు లోపల ఒకసారి కుడి నుంచి ఎడమకు, ఒకసారి ఎడమ నుంచి కుడికి మెల్లగా రాయండి. మొన ఉన్నచోట దూది పోగు పట్టుకుని ఆగుతుంది. వేళ్లతో తడిమితే తీగ గీరుకుంటుంది, దూదే మంచిది. అప్పటికీ దొరక్కపోతే గీత గీసిన భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలి భాగం బయటికి వచ్చేలా వెనక్కి వంచండి. దాక్కున్న మొన పైకి లేస్తుంది. దాన్ని లోపలి నుంచి పిన్నీసుతో బయటికి తోసి, బయటి పక్క పట్టకారుతో లాగేయండి. బయటి నుంచి లోపలికి పొడిస్తే ముల్లు ఇంకా లోతుకు పోతుంది.

పనిలో పనిగా టైరు బయటి వైపు మొత్తం చూడండి. చిన్న చిన్న గాట్లలో గాజు పెంకులు, కంకర ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. ఈ రోజు లోపలికి చేరకపోయినా ప్రతి చుట్టుకూ కొంచెం లోపలికి దిగుతుంటాయి. పిన్నీసుతో ఒక్కోటి తీసేయడానికి పావుగంట పడుతుంది.

చిల్లు రిమ్ము వైపు ఉంటే టైరును వదిలేసి రిమ్ము చూడండి. 36 పుల్లల (స్పోకుల) రిమ్ములో నిపుల్‌కీ నిపుల్‌కీ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) మధ్య దూరం 26 అంగుళాల చక్రానికి ఐదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. రెండు చిల్లుల మధ్య దూరం ఐదు, పది, పదిహేను ఇలా వస్తుంటే నిపుల్స్ మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. ట్యూబు సాగే వస్తువు కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఒక పొర రిమ్ముల్లో నిపుల్ తలలు ట్యూబు వైపే ఉంటాయి. రెండు పొరల రిమ్ముల్లో తలలు లోపలి పొరలో దిగిపోయి, ట్యూబు వైపు పెద్ద బెజ్జాలు మిగులుతాయి. మొదటి రకంలో ట్యూబుకు పొడుచుకునేది పుల్ల మొన. రెండో రకంలో గాలి ఒత్తిడికి ట్యూబు బెజ్జంలోకి ఉబ్బి, దాని అంచుకు తెగుతుంది. రెండింటికీ అడ్డు రిమ్ము లోపల బెజ్జాల మీద చుట్టే రిమ్ టేపే. కొత్త సైకిళ్లతో తరచుగా వచ్చే సన్న రబ్బరు పట్టీ వేసవి వేడికి సాగి పక్కకు జరుగుతుంది. జరిగిందంటే ఆ వైపు బెజ్జాలు సగం తెరుచుకున్నట్టే. చక్రం తీసినప్పుడు పట్టీని చుట్టూ చూడండి. ఒక్క బెజ్జం అంచు కనిపించినా దాన్ని తీసేసి గుడ్డ టేపు వేయండి. సైకిల్ షాపుల్లో రిమ్ టేపు అనే అడగండి. వెడల్పు మీ రిమ్ము లోపలి వెడల్పు కొలిచి తీసుకోవాలి. బెజ్జాలన్నీ కప్పాలి, కానీ టైరు అంచు కూర్చునే గాడి మీదికి ఎక్కకూడదు, ఎక్కితే టైరు సరిగ్గా కూర్చోదు. వాల్వ్ బెజ్జం పక్కన మొదలుపెట్టి, బిగువుగా లాగుతూ చుట్టి, చివర మూడు నాలుగు సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా ముగించండి. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు వద్దు. ఎండకు దాని జిగురు కరిగి, టేపు తాడులా మెలిపడి పక్కకు పోతుంది. పాత ట్యూబును పట్టీలా కోసి వేయడం ఒక పొర ఉక్కు రిమ్ములకు బాగానే పనిచేస్తుంది. పెద్ద బెజ్జాల రిమ్ములకు అది చాలా మెత్తన.

ఈ మధ్య చక్రానికి అలైన్‌మెంట్ చేయించారా? లేక పుల్లలు మార్పించారా? బిగించినప్పుడు పుల్ల నిపుల్ దాటి పైకి వస్తుంది. అలా వచ్చిన మొనను ఆకురాయితో నిపుల్ తలకు సమానంగా రాయాలి, రాసిన పొడి తుడవాలి. పాతకాలపు ఉక్కు రిమ్ములైతే తుప్పు పొరలు కూడా ట్యూబును గీరుతాయి. ఎమరీ కాగితంతో రుద్ది, తుడిచి, ఆ తర్వాతే టేపు వేయాలి. వాల్వ్ బెజ్జం అంచు పదునుగా ఉంటే దాన్నీ ఒకసారి రాయండి.

పక్కపక్కనే రెండు చిన్న చీలికలు, ఒక సెంటీమీటరు ఎడంలో, పాము కాటులా ఉన్నాయా? అయితే ముల్లు కోసం వెతకడం వృథా, అది గాలి తక్కువైన గుర్తు. గుంతలోనో స్పీడ్‌బ్రేకర్ మీదో టైరు పూర్తిగా అణిగి, రిమ్ము రెండు అంచులూ ట్యూబును రోడ్డుకు అదిమి నొక్కేస్తాయి. ఎక్కువగా వెనక చక్రానికే వస్తుంది, ఎందుకంటే మీ బరువులో ఎక్కువ భాగం, క్యారియర్ బరువు మొత్తం దాని మీదే. టైరు పక్కన అచ్చువేసిన గాలి ఒత్తిడి అంకెలు (పీఎస్‌ఐ లెక్కలో) చదవండి. ఆ పరిధి దాటొద్దు. 26 × 1.95 కి, మీ బరువుకు, ఆ బ్యాగుతో వెనక 45 నుంచి 50 పీఎస్‌ఐ, ముందు 35 నుంచి 40 సరిపోతుంది. బొటనవేలితో నొక్కి చూస్తే 30కీ 50కీ తేడా తెలియదు, రెండూ గట్టిగానే ఉంటాయి. మీటరున్న నేల పంపు ఒకటి కొనండి. ఐదు పంక్చర్లకు, రెండు ట్యూబులకు మీరు పెట్టిన డబ్బుతో పోలిస్తే అది ఖర్చు కాదు. మంచి బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) ట్యూబు కూడా వారానికి కొన్ని పీఎస్‌ఐ పోగొట్టుకుంటుంది. అందుకే వారానికోసారి కొలవాలి. పెట్రోల్ బంకులో కొట్టిస్తే జాగ్రత్త, సైకిల్ ట్యూబు చిన్నది, ఆ గాలికి రెండు మూడు సెకన్లలో నిండిపోతుంది.

ఎండలో నిలిపితే ట్యూబు పేలుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. ఉదయం 25 డిగ్రీల దగ్గర 50 పీఎస్‌ఐ కొట్టిన టైరు 60 డిగ్రీలకు వేడెక్కినా 58 దగ్గరికి వస్తుంది, అంతే. దానికి టైరు పేలదు. ఎండ పాడుచేసేది పాత అతుకుల అంచుల్ని, వాల్వ్ రబ్బరునీ.

వాల్వ్ దగ్గర పోయే గాలి సంగతి వేరు. రాత్రి నిండుగా ఉండి తెల్లారేసరికి మెత్తబడుతుంటే, ముందు వాల్వ్ మీద కాస్త సబ్బు నీళ్లు వేసి చూడండి. మామూలు సైకిళ్ల వాల్వ్‌లో పిన్ను మీద తొడిగే చిన్న రబ్బరు గొట్టం ఎండకు జిగటగా మారో, పగుళ్లిచ్చో గాలి వదిలేస్తుంది. మార్చడానికి చిల్లర డబ్బులు చాలు, రెండు నిమిషాల పని. మోటార్‌సైకిల్ రకం వాల్వ్ అయితే లోపలి పిన్ను వదులై ఉండొచ్చు, బిగించండి. వాల్వ్ మొదట్లోనే ట్యూబు చిరిగితే మాత్రం అతుకు నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. కానీ ఎందుకు చిరిగిందో చూసి మార్చండి. గాలి తక్కువగా తొక్కితే బ్రేకు వేసినప్పుడల్లా టైరు ట్యూబును పట్టుకుని రిమ్ము మీద కొంచెం కొంచెంగా జరుపుతుంది. వాల్వ్ ఏటవాలుగా వాలి కనిపిస్తే అదే. మోటార్‌సైకిల్ రకం వాల్వ్ కోసం చేసిన 8.5 మిల్లీమీటర్ల బెజ్జంలో సన్న ప్రెస్టా వాల్వ్ ట్యూబు పెట్టినా మొదలు కదిలి తెగుతుంది. వాల్వ్ నట్టును పట్టుకారుతో బిగించకండి, వేళ్లతో చాలు.

ఇక చిల్లు పక్క ముఖం మీద, గీరినట్టో నలిగినట్టో ఉంటే అది ఎక్కించేటప్పుడు జరిగింది. స్క్రూడ్రైవరుతో టైరు ఎక్కించడమే అసలు దోషి. టైరు అంచు లోపల ట్యూబు నొక్కుకుని, రెండు మూడు రోజుల తర్వాత తెగుతుంది. అందుకే అది కొత్త పంక్చర్‌లా అనిపిస్తుంది. ఎక్కించే పద్ధతి ఇదీ: టైరు ఒక అంచు రిమ్ములో పెట్టండి. ట్యూబులో గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రం కొట్టండి, అప్పుడది మెలిపడదు. వాల్వ్ దూర్చి ట్యూబు చుట్టూ పరచండి. రెండో అంచు వాల్వ్‌కి ఎదురు వైపున మొదలుపెట్టి, రెండు బొటనవేళ్లతో తోసుకుంటూ వాల్వ్ దగ్గర ముగించండి. ఇప్పటిదాకా తోసిన అంచును రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కుతూ వస్తే చివర ఆ పది సెంటీమీటర్లకు సరిపడా వదులు దొరుకుతుంది, టైరును తప్పించే లివర్ అవసరమే రాదు. చివర్లో వాల్వ్‌ను ఒకసారి పైకి తోసి వదలండి, దాని మొదట్లో ట్యూబు అంచు కింద ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. గాలి కొట్టే ముందు టైరును రెండు వైపులా వేళ్లతో తెరుచుకుంటూ చుట్టూ చూడండి. ట్యూబు ఎక్కడా తొంగి చూడకూడదు.

ట్యూబు సైజు కూడా చూసుకోండి. మీ టైరు మీద 559 అన్న అంకె ఉంటుంది. 26 × 1 3/8 టైరుది 590. రెంటినీ 26 అనే పిలుస్తారు కాబట్టి షాపులో ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చే అవకాశం ఉంది. పెద్దది పెడితే లోపల మడత పడి, ఆ మడత దగ్గర ఒరుసుకుని చిరుగుతుంది.

అతుకు మీరే వేయాలంటే తొందర పనికిరాదు. ఎక్కువ అతుకులు ఊడేది సొల్యూషన్ ఆరకముందే అంటించడం వల్ల. అతుకు కన్నా కాస్త ఎక్కువ మేర గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. ట్యూబు మధ్యలో అచ్చు గీత ఉబ్బెత్తుగా ఉంటే అది చదునయ్యేదాకా రుద్దాలి, లేకపోతే గాలి ఆ గీత పక్కనుంచే దారి చేసుకుంటుంది. సొల్యూషన్ పలచగా, ఒకే పొర రాయండి. ఐదు నిమిషాలు వదిలేయండి. తడి మెరుపు పోయి మసకబారాలి. నోటితో ఊదకండి, తేమ చేరుతుంది. తర్వాత అతుకు పెట్టి, మధ్య నుంచి అంచులకు స్పానర్ వెనక భాగంతో గట్టిగా నొక్కండి. చిల్లు చుట్టూ అన్ని వైపులా కనీసం ఒక సెంటీమీటరు అతుకు ఉండాలి. ఆ పైన కాస్త టాల్కం పౌడరు రాస్తే మిగిలిన జిగురు టైరుకు అంటుకోదు. ఇలా వేసిన అతుకు ట్యూబు ఉన్నంత కాలం ఉంటుంది. నాలుగు అతుకులున్నాయని ట్యూబు పారేయనక్కర్లేదు.

లిక్విడ్ సంగతి అడిగారు. సన్న ముళ్ల చిల్లుకు బాగా పనిచేస్తుంది, మీ సైజుకు సుమారు 120 మిల్లీలీటర్లు పోస్తారు. కానీ చక్రం తిరిగేటప్పుడు అది బయటి గోడకే విసిరినట్టు చేరుతుంది కాబట్టి రిమ్ము వైపు చిల్లును పట్టించుకోదు, పాము కాటు చీలికల్నీ ఆపలేదు. మన ఎండలకు కొన్ని నెలల్లో ఎండిపోతుంది కూడా. టైరులో పరిచే ప్లాస్టిక్ లైనరు ముళ్లను ఆపుతుంది. దాని అంచులు, రెండు కొసలు కలిసే చోటు ట్యూబును ఒరుసుకుంటాయి, అక్కడ గుండ్రంగా కత్తిరించి టేపు వేయాలి. కారణం దొరికాక, ముళ్ల దారి తప్పించుకోలేకపోతే వీటిలో ఒకటి వాడండి. టైరు మార్చాల్సింది మాత్రం పైభాగం చదునుగా అరిగిపోతే, గుడ్డ పోగులు కనిపిస్తే, పక్క గోడ చీలితే. బ్రేకు కట్టె టైరు పక్కను రాసుకుంటుందేమో ఒకసారి చక్రం తిప్పి చూడండి.

మీరు చెప్పినదాన్ని బట్టి నేను ఈ వరసలో వెళతాను: పాత ట్యూబు మీది మూడు అతుకుల ముఖం, ఆ దూరంలో ఉన్న నిపుల్స్, రిమ్ టేపు, ఆపై దూదితో టైరు. అంతా సరిచేసి 50 పీఎస్‌ఐ కొట్టి, ఆ అంకె, సమయం ఒక కాగితం మీద రాసి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి 48 ఉంటే ఫర్వాలేదు, పంపు తగిలించేటప్పుడే అంత పోతుంది. 40కి దిగితే వాల్వ్‌కి సబ్బు నీళ్లు పెట్టండి. నిలిచి ఉంటే ఆఫీసుకు వెళ్లే ముందు ఇంటి దగ్గరే బ్యాగుతో సహా రెండు కిలోమీటర్లు తొక్కి, మళ్లీ కొలవండి. ఈసారి గాలి దిగితే ట్యూబు వెంటనే బయటికి తీయండి, చిల్లు ఏ ముఖం మీదుందో రాయండి.